చాలూ అంటే మొదలుపెట్టమని

ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు నీడ మా మూడో సోలార్ ప్లేటు మీది నుంచి పూర్తిగా తప్పుకునేది. ఇది జనవరి సంగతి. మిగతా నెలల్లో వేళ మారేది. నా భార్య అగాసి మీద నిలబడి, నీడ అంచు ప్లేటు దాటేదాకా చూసి, పిట్టగోడ మీంచి వంగి "చాలూ!" అని కేక వేసేది. కింద వాకిట్లో కారు పక్కన నిలబడ్డ నేను వెంటనే ఛార్జింగు స్విచ్చు వేసేవాణ్ణి. సాయంత్రం నాలుగు దాటాక పైనుంచి మళ్లీ కేక వచ్చేది: "బంద్!" స్విచ్చు తీసేసేవాణ్ణి. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, రిటైరయ్యాక ఒక స్విచ్చు దగ్గర నౌకరీకి కుదిరాను.

డాబాను సూరత్‌లో అందరూ అగాసి అంటారు. ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లమూ అదే అంటాం. "చాలూ" అనేది మగ్గాల షెడ్డు మాట. మగ్గం నడిపించమంటే చాలూ, ఆపమంటే బంద్. తెలంగాణ పల్లె నుంచి కొత్తగా మిల్లుకొచ్చినవాడు మొదటి రోజు తప్పకుండా ఒక పొరపాటు చేస్తాడు. మేస్త్రీ ఆగిన మగ్గాన్ని చూసి "చాలూ!" అని అరుస్తాడు. వీడు దాన్ని తెలుగులో వింటాడు. ఇక చాలన్నాడు కాబోలనుకుని నడుస్తున్న మగ్గాన్ని కూడా ఆపేస్తాడు. తిట్లు తింటాడు. డిండోలిలో మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆ తిట్లు తిన్న మనిషి ఒకడుంటాడు. మా మామగారు ఒకే రోజు మూడుసార్లు తిన్నారట.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి రాయాలంటే కారు దగ్గర మొదలుపెట్టక తప్పదు. చివరి రెండేళ్లూ మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకున్నది దాని గురించే.

తప్పు నాది. మున్సిపాలిటీ తెలుగు బడిలో పంతులుగా పనిచేశాను. చదివే అలవాటుంది. చదివే అలవాటున్న మనిషి చేతికి ఒకేసారి కొంత డబ్బు వస్తే, తనకు కావలసింది కొనుక్కోడు. తన అభిప్రాయానికి కావలసింది కొంటాడు. భూమి వేడెక్కిపోవడం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అందుకని ఎవరో వాడి అమ్మిన చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్నాను. అరవై ఏళ్లకు నడపడం నేర్చుకున్నాను. అప్పటికి నేను వెళ్లాల్సిన చోట్లు మూడు: కూరగాయల మార్కెట్టు, లైబ్రరీ, కడోదరాలో మా వదిన ఇల్లు. మొదటి రెండూ నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి.

సోలార్ ప్లేట్లు అమ్మడానికి వచ్చినతను వరాఛాలో పదిహేనేళ్లు వజ్రాలు సానబట్టాడు. అక్కడ పని తగ్గాక సూర్యుణ్ణి పట్టుకున్నాడు. పాత అలవాటు కొద్దీ మా అగాసిని కూడా ఒక కన్ను మూసుకుని పరీక్షించాడు. కిందికొచ్చి చాయ్ తాగుతూ హిందీలో చెప్పాడు: "కాకా, సూర్యుడు బిల్లు పంపడు. పగలు మీ ఇంటి మీద తయారైన కరెంటు కంపెనీకి పోతుంది. మీకు కావలసినప్పుడు కంపెనీ తిరిగి ఇస్తుంది. కారును రాత్రి ఛార్జింగు పెట్టుకుని హాయిగా పడుకోండి."

గ్లాసులు కడుగుతున్న నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఘట్ కిత్నా?" అని అడిగింది.

అతను నవ్వాడు. "కాకీ, ఇది కరెంటు. నూలు కాదు. ఇందులో ఘట్ ఏముంటుంది?"

ఆమె నా వైపు తిరిగి, "అందరు సేట్లు గిట్లనే అంటరు," అంది.

ఘట్ అంటే తరుగు. చిన్నప్పుడు ఆమె ఇంట్లో కూర్చుని కండెలు చుట్టేది. సేటు నూలు తూచి ఇచ్చేవాడు, చుట్టిన కండెలు మళ్లీ తూచి తీసుకునేవాడు. తూకంలో ఎంత తగ్గితే అంత ఘట్. అది కూలిలోంచి పోయేది. నూలు ఇచ్చేది తెల్లవారి, గాలిలో తడి ఉన్నప్పుడు. తీసుకునేది మధ్యాహ్నం, అది ఎండకు ఆరి తేలికయ్యాక. పదకొండేళ్ల పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తనే కనిపెట్టింది. వెళ్లి సేటుతో చెప్పింది కూడా. ఇంత తెలివైన పిల్లను బడికి పంపించమని సేటు వాళ్ల నాన్నకు సలహా ఇచ్చాడట. ఆ రోజు ఘట్ మాత్రం పట్టుకునే పంపాడు.

కాబట్టి ఎండ మీద ఆమెకు పాత కోపం ఉంది. చిన్నతనమంతా ఎండ సేటు వైపు నిలబడింది. ఇప్పుడు అదే ఎండ తన అగాసి మీదికి, తన ప్లేట్ల మీదికి వచ్చింది. మధ్యలో ఎవరినీ రానివ్వదలచుకోలేదు.

"కారు మన ఎండతోనే నడవాలె," అంది. "అప్పుడు అయిన లైటు అప్పుడే కారుకెక్కాలె. కంపెనీకిచ్చి మల్ల అడుక్కునేది వద్దు. నా జన్మల ఒక్కటన్న ఘట్ లేకుంట ఉండనియ్యి."

ఇక్కడ కరెంటును లైటు అంటారు. నేను నోట్‌బుక్కులో బొమ్మ గీసి చూపించాను. మీటరు రెండు వైపులా తిరుగుతుందని, ఇచ్చింది ఎంతో తీసుకున్నది ఎంతో అదే లెక్కపెడుతుందని చాలా ఓపికగా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"తక్కెడ ఎవలది?"

"కంపెనీదే."

"గంతే మరి."

అలా మా కారు పగలు కదలని కారయ్యింది. ఎండ ఉన్నంతసేపూ వాకిట్లో వైరు నోట్లో పెట్టుకుని ఉండేది. పొద్దు వాలాక మాత్రమే బయటికి వెళ్లేది. పగటిపూట పెళ్లి వచ్చినా పురుడొచ్చినా మేము కారు ముందు నుంచే నడిచి వెళ్లి, వీధి చివర ఆటో ఎక్కేవాళ్లం. నేను ఇస్త్రీ చొక్కా, ఆమె పట్టుచీర. ఎదురింటామె దీని కోసమే గుమ్మంలో కాపు కాసేది.

"ఏం అక్కా, ఆటోల పోతున్రు? కారుకు పానం బాగ లేదా?"

"పాలు తాగుతున్నది. లేపకు," అనేది నా భార్య, ఆగకుండా.

ఒక సాయంత్రం కడోదరా వెళ్లాం. మా వదిన భర్త, అంటే నా షడ్డకుడికి, అక్కడ ఇరవై నాలుగు మగ్గాలున్నాయి, ప్రతి విషయం మీద ఒక అభిప్రాయమూ ఉంది. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటే. అతను కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద తట్టి, ఆకాశం వైపు చూశాడు.

"ఏం పంతులూ, పొద్దు గూకింది. సూర్యుడు ఇంటికి పోయిండు. నీ బండి ఎట్ల పోతది ఇగ?"

నేను బ్యాటరీ గురించి మొదలుపెట్టబోయాను. నా భార్య అడ్డొచ్చింది.

"పగటీలి తిన్న బువ్వతోని నువ్వు ఇప్పుడు మాట్లాడుతలేవా, బావా? గిది గూడ గంతే. కాకపోతే గిది జర తక్కువ మాట్లాడుతది."

వదిన గట్టిగా నవ్వింది. షడ్డకుడు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. బయలుదేరేటప్పుడు చూస్తే బ్యాటరీ బాగా తగ్గి ఉంది. రెండు రోజులుగా మబ్బు. షెడ్డులో ప్లగ్గు ఉందని, ఒక గంట పెట్టుకుని పొమ్మని అతను మంచిమనసుతోనే అన్నాడు. వైరు చేతిలోకి తీసుకున్నాడు కూడా. నా భార్య వెళ్లి ఛార్జింగు మూత మీద అరచేయి పెట్టి నిలబడింది.

"ముట్టియ్యకు బావా. ఎంగిలైతది."

హైవే మీద ఏసీ లేకుండా, సైకిలు వేగంతో, ఎడమ అంచున ఇంటికొచ్చాం. వెనక లారీలవాళ్లు హారన్లతో మా వంశాన్ని తలుచుకున్నారు. డిండోలి మలుపు తిరిగేసరికి కారు తెర మీద, ఛార్జింగు అయిపోవచ్చిందని చెప్పే ఎర్ర తాబేలు బొమ్మ వెలుగుతోంది. "గదేంది, తాంబేలా?" అని అడిగింది. అవునన్నాను. "మంచిగున్నది," అంది. వాకిట్లో కారు ఆగినప్పుడు ఆమె ముఖంలో ఉన్న సంతోషం, మా అమ్మాయి పెళ్లి అయిన రోజు కూడా నేను చూడలేదు.

దసరాకు మగ్గాలకు బొట్లు పెట్టినట్టే ప్రతి ప్లేటుకూ నడిమధ్యలో పసుపు పూసి కుంకుమ పెట్టింది. ఆ నెల కరెంటు తగ్గింది. వజ్రాలతను వచ్చి, పైకెక్కి చూసి, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. బొట్టు నీడ పడితే ప్లేటు పని చేయదని చెప్పాడు. "మగ్గానికి పెడితే మగ్గం ఆగలే గదా," అని వాదించి, చివరికి బొట్టును అంచు మీది ఇనుప చట్రానికి మార్చడానికి ఒప్పుకుంది. ఆమె ఎవరి మాటైనా వినగా నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

నేను చెప్పినవన్నీ ఒక్కొక్కటే తప్పని తేలుతూ వచ్చాయి. ఒక మధ్యాహ్నం వీధిలో కరెంటు పోయింది. పైన మండిపోయే ఎండ. కారు ఛార్జింగు కూడా ఆగిపోయింది. కంపెనీ లైను ఆగితే మన ప్లేట్లు కూడా ఆగిపోవాలని, తీగలు బాగుచేసేవాళ్ల ప్రాణాల కోసం అలా పెట్టారని చెప్పాను. అది నిజమే.

"ఎండ మనది, ప్లేట్లు మనవి, కారు మనది. సేటు రాకుంటే పని బంద్. గిదేం సొంతం, సారూ?"

తర్వాత బిల్లు వచ్చింది. మేము వాడగా మిగిలిన కరెంటును కంపెనీ కొనే ధర వేరు, మాకు అమ్మే ధర వేరు. చిన్న అక్షరాల్లో అన్నీ సక్రమంగానే రాసి ఉన్నాయి. ఆ కాగితం ఆమెకు నేనే చదివి వినిపించాలి. చదివాను. ఆమె బియ్యం ఏరుతూ కూర్చుంది. కాసేపటికి, "నువ్వు గీసిన బొమ్మ మంచిగుండె," అంది.

జూన్‌లో ఆమె కాళ్లు వాచాయి. రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయని పరీక్షల్లో తేలింది. వారానికి రెండు రోజులు డయాలిసిస్ అన్నారు. దవాఖాన వరాఛా వైపు. పొద్దున ఏడింటికల్లా అక్కడుండాలి.

మొదటి రోజు ఒక గొట్టంలో రక్తం బయటికి పోవడం, యంత్రంలో తిరగడం, ఇంకో గొట్టంలో వెనక్కి రావడం తల తిప్పి చాలాసేపు చూసింది. యంత్రం దగ్గరున్న గుజరాతీ అబ్బాయిని పిలిచింది.

"ఘట్ కిత్నా?"

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "పూరా వాపస్, మాసీ," అన్నాడు, అంతా తిరిగొస్తుందని.

ఆమె నా వైపు చూసి కన్ను గీటింది. "ప్లేట్లాయన గూడ గిదే అన్నడు."

నాకు నవ్వు ఆగలేదు. పక్క మంచాలవాళ్లు ఈ మనిషికి బుద్ధి లేదా అన్నట్టు చూశారు.

ఆటో కుదుపులకు తిరిగొచ్చేటప్పుడు వాంతులయ్యేవి. కారు తప్పనిసరైంది. సరిగ్గా అప్పుడే వానలు దిగాయి. సూరత్ వాన ఒకసారి మొదలైతే సూర్యుడి ఊసు ఉండదు. ఆమె మెట్లెక్కలేదు కాబట్టి మా నౌకరీలు మారాయి. ఆమె వాకిట్లో రేకు కింద కుర్చీ వేసుకుని స్విచ్చు దగ్గర కూర్చునేది. నేను పైకెక్కి, గొడుగు కింద నిలబడి, ఏమీ లేని ఆకాశాన్ని కొంచెంసేపు చూసి, "చాలూ!" అని అరిచేవాణ్ణి. ఆమె స్విచ్చు వేసేది. మబ్బులో కూడా ప్లేట్లు కొంత పని చేస్తాయని ముందే చెప్పి ఉంచాను. కొంత చేస్తాయి. కారు నిండడానికి కాదు. మిగతాదంతా కంపెనీ కరెంటుతోనే నిండేది. సత్యమే పలకవలెను అని ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద రాయించినవాణ్ణి.

మూడు వారాలు సాగింది. ఒకరోజు కిందికొచ్చి గొడుగు విదిలిస్తుంటే అడిగింది.

"సారూ, గొడుగు పట్టుకొని ఎండ జూస్తున్నవా?"

నేను గొడుగు ముడిచి గోడకు ఆనించాను.

"మొదటి దినమే ఎరుక నాకు. నీకు ఒర్లుడు గూడ రాదు. అబద్ధమైతే గొంతు చిన్నగైతది."

"దవాఖానకు పోవాలి కదా," అన్నాను.

"పోవాలె. ఆడ నా రక్తం తిరిగేది ఎవలి లైటుతోని? కొన్నదే గదా. నేనే ఎంగిలైన, ఇగ కారుకేం మడి?" స్విచ్చు మీద చేయి పెట్టింది. "కని అబద్ధం ఒర్లకు. ఎండ ఉంటే చాలూ అను. లేకుంటే ఉధార్ చాలూ అను."

ఆ వానాకాలమంతా నేను అగాసి మీద నిలబడి "ఉధార్ చాలూ!" అని అరిచాను. ఉధార్ అంటే అప్పు. రెండో వారానికి సొసైటీ సెక్రటరీ గొడుగేసుకుని వచ్చి, ఎవరికైనా బాకీ పడ్డారా సారూ అని గొంతు తగ్గించి అడిగాడు. ఎదురింటామె నెలరోజులు మా ఇంటికి చక్కెర అడగడానికి రాలేదు. ఇద్దరం ఈ రెండూ చెప్పుకుని చాలా నవ్వుకున్నాం.

దసరా తర్వాత వాన తెరిపి ఇచ్చింది. ఎండలు బాగా కాశాయి. ఆమె మాత్రం తగ్గిపోతూ వచ్చింది. చివరికి స్విచ్చు నొక్కే బలం కూడా లేకపోయింది. రెండు పనులూ నావయ్యాయి: పైకెక్కి నీడ చూడటం, దిగి స్విచ్చు దగ్గర నిలబడటం. మాట మాత్రం ఆమెదే. నేను నీడ పోయిందని చెప్పాక కుర్చీలోంచి "చాలూ" అనేది. అప్పుడే వేయాలి. ముందు వేస్తే ఒప్పుకునేది కాదు.

డిసెంబరులో ఒక పొద్దున కిందికి దిగి నీడ పోయిందన్నాను. ఆమె కారు వైపు చూసి అంది.

"చాలు."

స్విచ్చు వేశాను. కారు ముందు చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆమె నన్ను, ఆ దీపాన్ని చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"గది కాదు సారూ. తెలుగుల అన్న."

ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పాను. అయినా అర్థమవడానికి సమయం పట్టింది.

"దవాఖాన," అంది. "చాలు. వాడు పూరా వాపస్ అంటడు. పోయొచ్చినప్పుడల్ల జర జర తక్కువొస్తున్న. కండెలు చుట్టినదాన్ని, నాకు తూకం ఎరుకలేదా?"

నేను వాదించాను. డాక్టరు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. మా అమ్మాయి వచ్చి ఏడ్చింది. కూతురి కోసం నా భార్య ఇంకో రెండుసార్లు దవాఖానకు వచ్చింది. మూడోసారి కుర్చీలోంచి లేవలేదు. బలవంతంగా ఎత్తి కారులో కూర్చోబెట్టాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటాను. నేను చదివిన పుస్తకాలు ఈ విషయంలో రెండు వైపులా మాట్లాడాయి. ఏదీ పనికి రాలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, మంచి ఎండలో, వైరు తీసేయమంది. "ఎండల తిప్పు జర." దవాఖాన పనికి తప్ప, రెండేళ్లలో మా కారు మిట్టమధ్యాహ్నం గేటు దాటడం అదే మొదలు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చాం. ఎదురింటామె పరుగెత్తుకొచ్చింది.

"ఏం అక్కా, పాలు మాన్పించినవా?"

"పెద్దగైంది," అంది నా భార్య. "ఇగ బువ్వ తింటది."

జనవరిలో ఒక ఉదయం పోయింది. తొమ్మిది కూడా కాలేదు. ట్యాంకు నీడ ఇంకా మూడో ప్లేటు మీదే ఉంది. కారు బ్యాటరీ నిండుగా ఉంది, అంతా మా ఎండే. ఆమెను తీసుకుపోవడానికి డీజిల్ బండి వచ్చింది.

మా అమ్మాయి నా ఫోన్‌లో ఏదో అమర్చి పెట్టింది. ఇప్పుడు కారు రాత్రి తనంతట తనే ఛార్జింగు మొదలుపెట్టుకుని, నిండాక తనే ఆపుకుంటుంది. షడ్డకుడు వచ్చినప్పుడు చూసి, "ఇప్పుడు తెలివొచ్చింది పంతులూ," అన్నాడు. పగటి కరెంటు కంపెనీకి పోతుంది, రాత్రి తిరిగొస్తుంది. బిల్లులో ఘట్ ఎంతో నేను చూడను. మా అగాసి మీద నుంచి ఇప్పుడు ఎవరూ చాలూ అని అరవడం లేదు.